బెండు మునిగేదాకా

చేప పడాలి. పడకపోతే పిల్లలు విసుక్కుంటారు. పిల్లలు విసుక్కుంటే వాళ్ళమ్మ, మామా, చాపలు చుట్టేయమంటుంది. చాపలు చుట్టేస్తే అక్కను చూడకుండానే అల్ హైల్ తిరిగి వెళ్ళిపోవాలి. ఆ శుక్రవారం మధ్యాహ్నం వాదీ ఒడ్డున బండ మీద కూర్చుని నీళ్ళలో తేలుతున్న గాలం బెండును చూస్తున్నంతసేపూ నా బుర్రలో ఇంతకు మించి ఏమీ లేదు.

వాదీ అంటే కొండల మధ్య పారే వాగు. ఒమాన్‌లో చాలా వాదీలు ఏడాది పొడుగునా ఎండిపోయి రాళ్ళు తేలి ఉంటాయి. రుస్తాఖ్ వైపు వెళ్ళే దారిలో ఉన్న ఈ వాదీలో మాత్రం ఎండాకాలం కూడా మడుగులు నిండుగా ఉండేవి. అందుకే సెలవు వచ్చిందంటే మస్కట్‌లో సగం మంది అక్కడే. మాంసం కాల్చే పొగ, బండ్లలోంచి పాటలు, పైనుంచి మడుగులోకి దూకే కుర్రాళ్ళ కేకలు. నాకు జనం అంటేనే భయం. అయినా ఆ రోజు ఆ జనంలోనే వీలైనంతసేపు ఉండాలని కోరుకున్నాను.

నేనూ అక్కా ఒకే విమానంలో వచ్చాం. మాది గోదావరి జిల్లా, కాలవ పక్క ఊరు. ఇద్దరం ఇంటిపనికే వచ్చాం, ఇద్దరు అన్నదమ్ముల ఇళ్ళకి. నేను అన్నగారింట్లో, అల్ హైల్‌లో. అక్క తమ్ముడి ఇంట్లో, లోపల ఎక్కడో దూరంగా ఉన్న ఇబ్రిలో. "అన్నదమ్ముల ఇళ్ళే కదమ్మా, వారం వారం కలుస్తారు, మీ ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు ఏజెంటు. విమానాశ్రయంలో మమ్మల్ని రెండు బండ్లలో ఎక్కించేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది. "ఉంటే ఇద్దరం ఉందాం. వెళ్తే ఇద్దరం వెళ్దాం. ఒక్కదాన్నీ ఒగ్గేసి వెళ్ళడం లేదు, విన్నావా?" నేను తల ఊపాను.

మొదటి ఏడాది పండగలకి కలిశాం. రెండిళ్ళ చుట్టాలూ హాల్లో కూర్చుంటే మేం వంటింట్లో గిన్నెలు తోముతూ, మా మాట ఎవరికీ తెలియదన్న ధైర్యంతో నోరారా నవ్వుకునేవాళ్ళం. ఆ తర్వాత అక్క ఫోను ఆగిపోయింది. ఇంటికి మాట్లాడినప్పుడల్లా ఏడుస్తోందనీ, పని మీద మనసు ఉండటం లేదనీ వాళ్ళ మామా ఫోను తీసేసుకుందట. రంజాన్ నుంచి అక్క గొంతు నేను వినలేదు. ఒకసారి ధైర్యం చేసి మా మామాని అడిగితే ఆవిడ తోడికోడలికి ఫోను చేసింది. చేసి, నా వైపు తిరిగి నవ్వుతూ "జైన్, జైన్" అంది. బాగానే ఉందిట.

ఇంటి యజమానురాలిని మామా అనీ యజమానిని బాబా అనీ పిలవడం అక్కడి పద్ధతి. మా మామా చెడ్డది కాదు. అడిగితే విసుక్కునేది కూడా కాదు. నాకే అడగడం రాదు. ఆ ఇంట్లో నేను పెద్దగా మాట్లాడిన మాటలన్నీ కలిపినా నేను డైరీలో ఒక రోజు రాసుకునే పేజీ నిండదు.

ఆ వారంలో బాబా నన్ను పిలిచి, వీసా అయిపోతోంది, శనివారం పొద్దున చెప్పు అన్నాడు. ఉంటానంటే కాయితాలు మళ్ళీ చేయించాలి. వెళ్తానంటే టికెట్ తీయాలి. అక్కదీ నాదీ ఒకే రోజు వచ్చిన వీసాలు. అంటే అక్కని కూడా అడిగే ఉంటారు. లేదా అడక్కుండానే కాయితాలు చేయించేస్తారు. అక్క ఏమందో తెలియకుండా నేను వెళ్తానంటే, తను అక్కడ ఇంకో రెండేళ్ళు ఒంటరిగా ఉండిపోవచ్చు. నేను ఉంటానంటే, తను నా మీద నమ్మకంతో వెళ్తానని చెప్పి ఉండొచ్చు. నాకు కావలసింది ఒక్క మాట. ఉంటావా, వెళ్తావా? దానికి జవాబు.

గురువారం సాయంత్రం కాఫీ పోస్తుంటే బాబా ఫోన్లో మాట్లాడుతున్నది విన్నాను. రేపు వాదీకి వస్తున్నాం, నువ్వూ పిల్లల్ని తీసుకుని రా అని తమ్ముడికి చెబుతున్నాడు. పిల్లలు వస్తే వాళ్ళని చూసుకోవడానికి అక్క రాక తప్పదు.

"ఎన్ని గంటలకొస్తాడు?" అంది మామా.

"ఇన్షా అల్లా" అన్నాడు బాబా. అంటే ఎప్పుడైనా.

కిందటి సెలవులకి కూడా వాదీకి వెళ్ళాం. పిల్లలిద్దరూ గంటలోనే ఆడి ఆడి విసుగెత్తి ఏడుపు మొదలుపెడితే ఎండ తగ్గకముందే ఇంటికొచ్చేశాం. ఇద్దరూ ఆడపిల్లలే, పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. వాళ్ళు కదలకుండా కూర్చునే పని ఒకటి కావాలి. అప్పుడు నాకు గాలం గుర్తొచ్చింది.

పెరట్లో కొట్టేసిన ఖర్జూరపు మట్ట ఉంటే కూరగాయల కత్తితో ముళ్ళు చెక్కుతూ కూర్చున్నాను. మా ఇంటి డ్రైవరు నిజామాబాద్ వైపు మనిషి. కంపెనీలో సైట్ పనికి వచ్చి, నానా తిప్పలూ పడి లైసెన్సు తెచ్చుకుని ఈ ఇంట్లో చేరాడు. బండి కడుగుతున్నవాడు పైపు పట్టుకునే వచ్చి నిలబడ్డాడు.

"ఏం చెల్లె, మట్ట చెక్కుతున్నవ్? ఎవల్ని కొడ్తవ్?"

"గాలం కర్ర అన్నయ్యా."

"గాలమా! గీ రాళ్లల్ల చేపలా? పోయి సూఖు బజార్ల కొనుక్కో, ఒక్క రియాలుకు సంచెడు ఇస్తరు. గాలమేస్తదట, గాలం!"

"రేపు అక్క వస్తుందంట. పిల్లలు చేపల పిచ్చిలో పడితే పొద్దుగూకేదాకా ఉంటారు కదా అని."

ఆయన నవ్వు ఆపేశాడు. శుక్రవారం పొద్దున్నే రొట్టెలు తేవడానికి సీబ్ వెళ్ళినవాడు చిన్న గాలపు ముళ్ళు, నైలాను దారం కూడా తెచ్చి వంటింటి కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

మా ఊళ్ళో బెండుకి జీలుగు వాడతారు. ఇక్కడ జీలుగు ఎక్కడ దొరుకుతుంది? మట్ట మొదట్లో ఎండిన మెత్తటి భాగం ఉంటుంది, పట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని బొటనవేలంత కోసి, నా పాత చున్నీలోని ఎర్రదారం చుట్టాను, దూరం నుంచి కనబడాలని. ఎరకి వానపాములు కూడా లేవు. గోధుమపిండిలో ట్యూనా డబ్బాలోని నూనె పోసి ముద్ద చేశాను.

గాలం మాకు నాన్న నేర్పాడు. గట్టు మీద కూర్చున్నాక నోరు విప్పనిచ్చేవాడు కాదు. అక్క అవతలి గట్టు, నేను ఇవతలి గట్టు. ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తుంటే ఎవరి బెండు వాళ్ళకి కనబడదు, ఎదుటి గట్టు మీద ఉన్నవాళ్ళకి బాగా కనబడుతుంది. అందుకని నా బెండు అక్క చూసేది, అక్క బెండు నేను. అరచెయ్యి కిందికి నొక్కితే 'ఆగు' అని. పిడికిలి బిగించి గుండెకేసి గుంజుకుంటే 'లాగు' అని. అక్క పిడికిలి చూసి లాగితే నా గాలం ఎప్పుడూ ఒట్టిగా రాలేదు.

నాన్న నేర్పింది ఇంకొకటి ఉంది. ఏ రోజైనా మొదట పడిన చేప గంగమ్మది. ఎంత పెద్దదైనా నీళ్ళలో వదిలేయాలి.

మేం చేరేసరికి జుమ్మా నమాజు అయిపోయింది. ఖర్జూరపు చెట్ల నీడలో చాపలు పరిచాను. బాబా మాంసం పుల్లలకి గుచ్చుతుంటే డ్రైవరన్నయ్య బొగ్గులు రాజేశాడు. మామా కూర్చుంటూనే మొదలుపెట్టింది. ఆవిడ చెల్లెలికి కాన్పు అయి బౌషర్ ఆసుపత్రిలో ఉంది. సాయంత్రం చూడటానికి వెళ్ళాలి.

"పిల్లలు గొడవ చెయ్యనంతసేపు ఉందాం. ఏడుపు మొదలైతే అప్పుడే వెళ్దాం" అన్నాడు బాబా.

అదీ ఒప్పందం. నేను పిల్లలిద్దరినీ తీసుకుని మడుగు అంచున బండ మీదకి వెళ్ళాను. అక్కడి నుంచి వాదీలోకి దిగే దారి కూడా కనబడుతుంది. గాలం విసిరి, పెదవుల మీద వేలు పెట్టుకుని "ష్" అన్నాను. ఇంట్లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని నేను వాళ్ళని నోరు మూసుకోమనడం వాళ్ళకి తెగ నచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని "ష్, ష్" అనుకుంటూ కూర్చున్నారు.

నీళ్ళు పచ్చగా, నిశ్చలంగా ఉన్నాయి. ఎర్రదారం బెండు నిటారుగా నిలబడింది. నేను ఒక కంటితో దాన్నీ ఇంకో కంటితో దారినీ చూస్తున్నాను. తమ్ముడి బండి తెల్లది. ఒమాన్‌లో ప్రతి బండీ తెల్లదే. తెల్ల బండి దిగని నిమిషం లేదు. దిగిన ప్రతిసారీ సగం లేచి, తలుపు తెరుచుకుని ఎవరో దిగగానే మళ్ళీ కూర్చునేదాన్ని.

బెండు రెండుసార్లు వణికింది. పక్కకి వాలి, జారుతున్నట్టు కదిలి, బుడుంగున మునిగింది. లాగాను. అరచెయ్యంత చేప, మావాళ్ళు జిలేబీ చేప అనే రకం, ఎండలో తళతళమంటూ గాల్లోకి లేచింది.

"సమకా! సమకా!" అని పిల్లలు ఎగిరారు. చాప మీద నుంచి బాబా చప్పట్లు కొట్టాడు.

నేను చెయ్యి తడుపుకుని, ముల్లు విడదీసి, చేపని నీళ్ళలోకి వదిలేశాను.

ఆలోచించి చేసింది కాదు. చెయ్యి దానంతట అదే చేసేసింది, గట్టు మీద ప్రతిసారీ చేసినట్టు. చేప తోక ఒక్కసారి ఆడించి మాయమైపోయాక నాకు తెలిసింది ఏం చేశానో. పెద్దపిల్ల నోరు తెరిచి నన్నే చూస్తోంది. చిన్నది గుక్క పట్టింది.

మామా లేచి వచ్చింది. "ఎందుకు వదిలేశావు?"

నాకొచ్చిన అరబ్బీలో "మొదటిది... నీళ్ళకి" అన్నాను.

బాబా గట్టిగా నవ్వాడు. "వినండి! చేపల మీద కూడా జకాత్ దానం ఇచ్చేసింది మన పిల్ల!" చుట్టుపక్కల చాపల మీదవాళ్ళు కూడా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. చిన్నదాని ఏడుపు మాత్రం ఆగలేదు.

"ఇంకొకటి పట్టి ఇవ్వు. లేదంటే వెళ్దాం" అంది మామా.

డ్రైవరన్నయ్య బొగ్గులు విసురుతూ, తల ఎత్తకుండానే తెలుగులో అన్నాడు. "ఏంది చెల్లె, పట్టేది ఇడ్శిపెట్టేటందుకా? ఆ ఒక్కటి బకిట్ల ఏస్తే పోరి దాంతోనే పొద్దుమీకేదాక ఆడుతుండె గద!"

ఆ సంగతి అప్పటికే నాకు అర్థమైంది. చేప చేతిలో ఉండగా ఎందుకు తట్టలేదో.

మళ్ళీ ఎర గుచ్చి వేశాను. అంతలో ఎదుటి రాతి మీద నుంచి కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మడుగులోకి దూకడం మొదలుపెట్టారు. నీళ్ళు కలక బారిపోయాయి. పిల్లల్ని తీసుకుని పై మడుగుకి వెళ్ళాను. అక్కడ వేలెడంత చిన్న చేపలు. బెండుని కదపకుండానే పిండి మొత్తం గీరి తినేస్తున్నాయి. వేస్తున్నాను, ఒట్టి ముల్లు వస్తోంది. వేస్తున్నాను, ఒట్టి ముల్లు. సాయంకాలం అసర్ నమాజుకి మగవాళ్ళు చాపల మీద వరసగా నిలబడ్డారు. ఆ కొంతసేపూ వాదీ అంతా నిశ్శబ్దమైంది. నేనూ మనసులో మొక్కుకున్నాను. నీది నీకిచ్చాను కదా తల్లీ, నాది నాకియ్యి. ఒక్క చేప. చిన్నదైనా సరే.

ఈసారి బెండు మునగలేదు. పైకి లేచింది. లేచి, నీళ్ళ మీద అడ్డంగా పడుకుంది. నేను మునుగుతుందని ఎదురుచూశాను. ఎండ సూటిగా నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. అలవాటుగా తల ఎత్తి అవతలి ఒడ్డుకి చూశాను. అక్కడ ఎవరో ముసలాయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. పిడికిలి చూపించేవాళ్ళు లేరు. లాగేసరికి ఆలస్యమైపోయింది. ఎరని పైకి ఎత్తుకుని మింగే చేప బెండుని ముంచదని, పడుకోబెడుతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఆగాను.

చిన్నది కర్ర తీసుకుని నీళ్ళని కొట్టడం మొదలుపెట్టింది. పెద్దది "ఇక్కడ సమక్ లేదు, అబద్ధం" అంటూ తల్లి దగ్గరికి పరుగెత్తింది. నేను ఇంకా గాలం పట్టుకునే ఉన్నాను. "హబీబీ, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అని చిన్నదాన్ని బతిమాలాను. అది నా ముఖం చూసి భయపడిందో ఏమో, ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఖలాస్" అంది మామా. "యల్లా."

చాపలు దులిపి చుట్టాను. బాబా బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. డ్రైవరన్నయ్య మాత్రం బొగ్గుల ముందు గొంతుక్కూర్చుని, టీ తాగే కప్పుతో మడుగులోంచి నీళ్ళు తెచ్చి పోస్తున్నాడు. మళ్ళీ వెళ్ళి ఇంకో కప్పు తెస్తున్నాడు.

"బకెట్ ఏది?" అని బాబా అక్కడి నుంచే అరిచాడు.

"బాల్దీ మాఫీ, బాబా!" బకెట్ లేదట. నేను చుట్టిన చాప కిందే ఉంది బకెట్. ఆయనే దాచాడు. కప్పు మీద కప్పు పోస్తూ నా వైపు చూడకుండా గొణిగాడు. "నాతోని అయినకాడికి ఆపుతున్న చెల్లె. ఇంకెంతసేపని ఆర్పుత, ఇవి సల్లారి బూడిదైనయ్."

బయలుదేరక తప్పలేదు. బాబా, మామా ముందు. పిల్లలు మధ్య సీట్లో. నేను అన్నిటికంటే వెనక, చాపలు, గిన్నెల మధ్య. మా వెనకే పికప్పులో డ్రైవరన్నయ్య. పికప్పు వెనక నా గాలం కర్ర నిలబెట్టి ఉంది, ఎర్రదారం బెండు ఊగుతూ.

అంతకు ముందు వేసవిలో వచ్చిన పెద్ద తుఫాను వరదకి వాదీ దారి సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం మీద రెండు బండ్లు పక్కపక్కన పట్టాలంటే అద్దాలు మడుచుకోవాలి. సగం ఎక్కామో లేదో, ఎదురుగా ఒక తెల్ల బండి దిగుతూ లైట్లు కొట్టింది. బాబా నవ్వుతూ బ్రేకు వేసి కిటికీ దించాడు.

తమ్ముడు.

రెండు బండ్లూ డ్రైవర్ల కిటికీలు ఎదురెదురుగా వచ్చేలా ఆగాయి. అంటే మా వెనక సీటు ఒక కొసన, వాళ్ళ వెనక సీటు ఇంకో కొసన. మెడ ఎంత చాచినా నాకు వాళ్ళ బండి ముందు అద్దం, అందులో పడిన కొండ నీడ తప్ప ఏమీ కనబడలేదు.

పలకరింపులు మొదలయ్యాయి. ఎలా ఉన్నావు? దేవుడి దయ. పిల్లలు ఎలా ఉన్నారు? దయ. ఒంట్లో ఎలా ఉంది? దయ. సంగతులేమిటి? ఏమీ లేవు. వార్తలు? ఏమీ లేవు, అంతా మంచే. నీ సంగతులేమిటి? ఏమీ లేవు. ఒమాన్‌వాళ్ళు కలిస్తే ఇదంతా పూర్తవాలి. ఇంట్లో మనిషి పోయినా సరే ముందు "ఏమీ లేవు" అనే చెప్పాలి. అసలు మాట ఆ తర్వాతే. కొత్తలో విచిత్రంగా అనిపించేది. ఆ రోజు మాత్రం ఆ పలకరింపులు ఎప్పటికీ అవకూడదనుకున్నాను, వెంటనే అయిపోవాలనీ అనుకున్నాను.

"మామా, మా అక్క" అన్నాను. గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను.

"ఆ, అందులోనే ఉంటుంది" అంది మామా వెనక్కి తిరిగి. "బాగానే ఉంటుందిలే."

"దిగనా? రెండు నిమిషాలు."

"ఇక్కడా? ఈ ఇరుకులోనా? మళ్ళీ ఎప్పుడైనా."

వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి. బౌషర్ వెళ్ళాలని బాబా చెప్పాడు. పిల్లలకి కాసేపు నీళ్ళు చూపించి వెనక్కి వెళ్ళిపోతామని, పొద్దున డ్యూటీ ఉందని తమ్ముడు చెప్పాడు. రెండు బండ్లూ కదిలాయి.

అప్పుడు అర్థమైంది. బండ్లు కదిలితేనే మా రెండు వెనక సీట్లూ ఒకదాన్ని ఒకటి దాటుతాయి.

వెనక అద్దం బెత్తెడు మాత్రమే జరుగుతుంది. అంతా జరిపేసి నోరు ఆ సందులో పెట్టాను. ముందు వాళ్ళ మామా నల్లటి ముసుగు వెళ్ళింది. తర్వాత పిల్లల తలలు. ఆ వెనక అద్దంలో అక్క.

"అక్కా! ఉంటావా, వెళ్తావా?"

అరిచాను. పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. మా బండిలో పిల్లలు ఉలిక్కిపడ్డారు. అక్క వైపు అద్దం మూసే ఉంది. నన్ను చూసింది. బుగ్గల ఎముకలు పైకి వచ్చేశాయి. తలకి కట్టిన నల్లగుడ్డ కింద ముఖం చిన్నపిల్ల ముఖమంతే ఉంది. పెదవులు కదల్లేదు. కుడిచెయ్యి పైకి తెచ్చి, పిడికిలి బిగించి, గుండెకేసి గుంజుకుంది. మళ్ళీ గుంజుకుంది. కనబడినంతసేపూ గుంజుకుంటూనే ఉంది.

లాగు.

బాబా అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏమైంది?"

"ఏమీ లేదు బాబా" అన్నాను.

ఆసుపత్రికి వెళ్ళి ఇంటికొచ్చాక పికప్పులోంచి సామాన్లు దింపుతుంటే డ్రైవరన్నయ్య నన్ను ఆపాడు. చేతిలో మసిగుడ్డ నలుపుతున్నాడు.

"చెల్లె, మీ అక్క బండి ముంగట వేరే బండి అడ్డమొస్తే నా పక్కకే ఆగింది. నా బండిల నీ గాలం కర్ర చూసింది. పిల్లల సీటు మీదికెళ్లి ముందరికి వంగి, వాళ్ల కిటికీలకెళ్లి నాకు చెప్పింది. 'దాన్ని ఎల్లిపొమ్మని చెప్పండన్నయ్యా, నా కోసం ఆగొద్దని చెప్పండి.' గిదే అన్నది. ఇంకోపాలి గూడ అన్నది."

"ఎలా ఉంది అన్నయ్యా?"

"ఏం చెప్పాలె... మనిషి సగమైంది."

చేత్తో నాకు చెప్పింది ఒకటి, నన్ను లాగమని. నోటితో పంపింది ఇంకొకటి. ఆ రాత్రి అంట్లు తోముతూ ఈ రెండిటి మధ్యా నలిగిపోయాను. అక్క నోటి మాట నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఉన్న ఒక్క గుడ్డూ నా పళ్ళెంలో పడేసి "నాకు వాసనే పడదే, నువ్వు తిను" అనే నోరది. చెయ్యి అలా కాదు. గట్టు మీద ఆ చెయ్యి నన్ను ఏనాడూ మోసం చెయ్యలేదు. బెండుని నాకంటే బాగా చూసింది ఆ చెయ్యే.

శనివారం పొద్దున ఖర్జూరాలు, కాఫీ పట్టుకెళ్ళి బాబా ముందు పెట్టాను.

"అనా రూహ్" అన్నాను. నేను వెళ్తాను. ఆయన తల ఊపి కప్పు అందుకోబోయాడు. "ఉఖ్తీ రూహ్. సవా సవా." మా అక్క కూడా. ఇద్దరం కలిసే.

"అది వాళ్ళింటి విషయం కదా" అంది మామా మెల్లగా.

"అక్క బాగాలేదు. నేను చూశాను."

"బండి దాటే అంతలో ఏం చూశావు?" అన్నాడు బాబా. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

చెప్పడానికి నా దగ్గర అరబ్బీ లేదు. పిడికిలి బిగించి గుండెకేసి గుంజుకున్నాను. ముందు రోజు నేను గాలం లాగడం, ఒట్టి ముల్లు రావడం, మళ్ళీ వేసి మళ్ళీ లాగడం ఆయన చాప మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. కప్పు కింద పెట్టేశాడు. నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వెళ్ళిపొమ్మన్నా వెళ్ళేదాన్ని కాదేమో.

ఆయన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. పలకరింపులు వినబడ్డాయి. ఎలా ఉన్నావు, దేవుడి దయ. పిల్లలు, దయ. ఇంట్లో, దయ. తమ్ముడు అవతల నుంచి సంగతులేమిటి అని అడిగి ఉంటాడు. ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు రాలేదు. బాబా గొంతు సవరించుకున్నాడు.

"ఉంది" అన్నాడు. "ఒక సంగతి ఉంది."

వెంటనే ఏమీ జరిగిపోలేదు. ఇబ్రి ఇంటికి వేరే మనిషి దొరికేదాకా అక్కని పంపేది లేదన్నారు. అందాకా నేనూ కదలనన్నాను. బాబా నా కాయితాలు కొద్ది కాలానికి పొడిగించాడు. ఈలోగా అక్క వస్తుందో రాదో తెలియని రోజులు ఎన్ని గడిచాయో లెక్కపెట్టుకోలేదు. లెక్కపెడితే పిచ్చెక్కేది. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం డ్రైవరన్నయ్యే ఇబ్రి వెళ్ళి అక్కని తెచ్చాడు. మమ్మల్నిద్దరినీ విమానాశ్రయంలో దింపింది కూడా ఆయనే.

విమానం లేచాక అక్క కిటికీలోంచి బోడి కొండలు చిన్నవైపోతుంటే చూస్తూ కూర్చుంది. నేనే అడిగాను.

"ఆ రోజు నాకు లాగమన్నావు. అన్నయ్యతో వెళ్ళిపొమ్మని చెప్పించావు. ఏది నిజం?"

"రెండూనే" అంది. మళ్ళీ తనే, "ఏమోనే, అప్పుడు నాకే తెలీదు" అంది.

భోజనం ట్రేలు వచ్చాయి. అక్క తన ట్రేలోని గుడ్డు తీసి నా ట్రేలో పెట్టబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. గుడ్డు పట్టుకుని అలాగే ఉండిపోయింది కొంతసేపు. తర్వాత మెల్లగా తినడం మొదలుపెట్టింది.

"పడిన చేపని వదిలేశావంట కదా" అంది నములుతూ. "దారిలో అన్నయ్య చెప్పాడు."

"మొదటిది కదా."

"మొదటిదే! ఆ రాళ్ళల్లో గంగమ్మ ఉందో లేదో కనుక్కున్నావా ముందు? పిచ్చి మొహమా!" అని నవ్వింది. నవ్వుతూనే ఉంది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసి, నేను అక్క ట్రే తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.